పడి లేచిన హాస్యగాడు



నేటి సాయంకాలము నేనొక హాస్యగాని చరిత్రమును మీకు మనవి చేయదలచితిని. అతడు మన దేశమువాడు కాడు. మన భాష యెఱుగడు. అమెరికా దేశమున పుట్టి, ఆ దేశపు ప్రజలను అరువది యేండ్లకు పైగా నవ్వించినవాడు. పేరు డిక్ వాన్ డైక్. ఎక్కడనో దూరదేశమున నున్న వేషధారి కథతో మనకేమి పనియని మీ రడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కీర్తిశిఖరమున నున్న మనుష్యుని మద్యము పట్టుకొనిన విధమును, అతడు దానిని వదలించుకొనిన విధమును తెలిసికొన్నచో, మన యూరిలోను, మన వీథిలోను, ఒక్కొక్కప్పుడు మన యింటిలోనే జరుగుచున్న దానిని చూచుటకు కొంత వెలుతురు దొరకునని నా నమ్మకము. ఇందు నా సొంత తప్పు నొకదానిని గూడ చెప్పుకొనవలసి యున్నది. దానిని తగినచోట చెప్పెదను.

వాన్ డైక్ 1925వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన మిస్సోరీ రాష్ట్రములోని వెస్ట్ ప్లెయిన్స్ అను చిన్న యూర జన్మించెను. పెరిగినది ఇల్లినాయి రాష్ట్రములోని డాన్విల్ పట్టణమున. తండ్రి యూరూర తిరిగి సరకు లమ్మువాడు. తమ్ముడు జెర్రీయు తరువాతి కాలమున హాస్యనటుడే యయ్యెను. డిక్ సన్నగా, పొడవుగా, గాలికి వంగు వెదురువలె నుండెడివాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944లో, చదువు ముగియకుండగనే సైన్యపు విమానదళమున చేరబోగా, బరువు చాలదని పలుమారులు త్రిప్పిపంపిరి. తుదకు చేర్చుకొని, యుద్ధభూమికి గాక రేడియోలో మాటలాడు పనికిని, సైనికులకు వినోదము కలిగించు పనికిని నియోగించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట సొంత పట్టణపు రేడియో కేంద్రమున ఉద్యోగము చేసెను. 1947లో మఱియొకనితో జతకట్టి, గ్రామఫోను పాటలకు పెదవులు కదల్చుచు మూకాభినయము చేయు నొక యాటను కల్పించుకొని, ఊళ్లవెంట తిరుగసాగెను.

ఆతని పెండ్లి సంగతి మీకు వింతగా నుండును. 1948లో వివాహమాడదలచినప్పుడు చేత కాసులేదు. ఆ కాలమున వధూవరుల పెండ్లిని రేడియోలో ప్రసారము చేసి, ఖర్చులు తామే భరించు కార్యక్రమ మొకటి యుండెడిది. ఆ దంపతులు దేశమంతయు వినుచుండగా మైక్రోఫోను నెదుటనే వివాహమాడిరి. పెండ్లి యయిన వెనుక కొంతకాలము అద్దెయిల్లు లేక మోటారుకారులోనే పండుకొనిరట! పేదఱికములో కాపురము మొదలుపెట్టిన వారి కష్టము మన పెద్దలకు నేను వర్ణింప నక్కఱలేదు.

ఇట్లు పదిపండ్రెండేండ్లు గడచెను. అట్లాంటా నగరపు టెలివిజనులోను, 1955 నుండి న్యూయార్కు నగరమున సి.బి.యస్. అను పెద్ద టెలివిజను సంస్థలోను పనిచేసెను. 1960లో 'బై బై బర్డీ' యను సంగీతనాటకమున వేషము వేయగా, దానికి మరుసటి యేడు టోనీ యను గొప్ప బహుమానము లభించెను. అంతకుముందు నృత్యము నేర్చినవాడు కాడు. ముప్పది నాలుగేండ్ల వయస్సున రంగస్థలముమీద నేర్చుకొనెను.

ఇక నతనికి పేరు తెచ్చిన సిట్కాము అనుదానిని గూర్చి రెండు మాటలు. టెలివిజనులో వారమునకొక పర్యాయము అరగంటసేపు వచ్చు హాస్యనాటిక యిది. ఇల్లు అదియే, మనుష్యులు వారే. ప్రతివారమును క్రొత్త చిక్కు, క్రొత్త నవ్వు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు కథ యేదైనను మధ్య మధ్య వచ్చి నవ్వింతురు గదా! చూచువారికి వారు చుట్టములవలె నగుదురు. సిట్కాము నటుడును అట్లే ప్రతియింటికి చుట్టమగును. కార్ల్ రైనర్ అను రచయిత తన బ్రతుకునే కథగా తీసికొని, హాస్యము వ్రాసి జీవించు నొక గృహస్థుని గూర్చి యిట్టి నాటికల వరుస నొకదానిని వ్రాసెను. మొదట తానే వేషము వేసిచూడగా అది కుదురలేదు. అంతట ఆ వేషము వాన్ డైక్‌నకు వచ్చెను. భార్యవేషము మేరీ టైలర్ మూర్ అను యువతికి వచ్చెను. 1961 అక్టోబరు 3వ తేదీన 'ది డిక్ వాన్ డైక్ షో' యను పేరుతో నది ప్రారంభమయ్యెను.

మొదటి సంవత్సరము చూచువారు చాలినంతమంది లేరు. ఆట నిలిపివేయుటకు నిర్ణయమయ్యెను. నిర్మాతలలో నొకడగు షెల్డన్ లెనార్డ్ ప్రకటనలిచ్చు కంపెనీవారి కడకు స్వయముగా పోయి, వేడుకొని, వారిని నిలుపుకొనెను. రెండవ యేటనుండి జనమునకు దానిపై మక్కువ పెరిగెను. 1966 వరకు 158 నాటికలు వచ్చెను. వాన్ డైక్‌నకు మూడుమారులు ఎమ్మీ బహుమానము లభించెను.

నాటికలకు ముందు చూపు చిన్న దృశ్య మొకటి యా దేశమున నేటికిని ప్రసిద్ధము. గృహస్థు ఇంటిలోనికి వచ్చుచుండును. దారిలో కాళ్లు చాచుకొనుటకైన మెత్తని పీట యుండును. ఒకమారు దానిపై తట్టుకొని బోర్లపడును; మఱియొకమారు నేర్పుగా తప్పుకొని పోవును. ఈ వారము పడునా, పడడా యని చూచువారు పందెములు వేసికొనెడివారట. పడుట యతనికి విద్య. ఎముక విఱుగకుండ, చూచువారికి నవ్వు పుట్టునట్లు పడుట మిక్కిలి కష్టమైన విద్య. దాని నతడు లారెల్, హార్డీ యను జంటలోని సన్నపాటి స్టాన్ లారెల్‌ను చూచి నేర్చుకొనెను. ఆ పెద్దాయన ముదుసలియై సముద్రతీరమున సామాన్యముగా నివసించుచుండెను. ఆయన పేరు టెలిఫోను పుస్తకములోనే యుండెను. వాన్ డైక్ దానిని చూచి ఫోను చేసి, పోయి దర్శించుకొని, శిష్యుడయ్యెను. 1965లో లారెల్ మరణించినప్పుడు అంత్యక్రియలవేళ ఆయన గుణములను కొనియాడి మాటలాడినవా డీతడే. గురుభక్తి యే దేశమున నున్నను గురుభక్తియే.

1964లో వాల్ట్ డిస్నీ తీసిన 'మేరీ పాపిన్స్' చిత్రమున పొగగొట్టములు శుభ్రముచేయు పనివానిగా నటించి లోకమంతట పేరు గడించెను. ఆ చిత్రమందే ముసలి బ్యాంకు యజమాని వేషమును కూడ తానే వేసెను. ఆ వేషముపై నతనికెంత కోరిక యుండెననగా, దానికి జీతము లేకుండుటయే గాక, డిస్నీ స్థాపించుచున్న కళాశాలకు 4,000 డాలర్లు తానే ఎదురిచ్చెను.

ఇంతవరకు ఏఱు నిండుగా ప్రవహించినది. ఇక దాని క్రిందనున్న సుడిగుండమును చూడుడు.

వాన్ డైక్ దుర్మార్గుల సావాసము చేసినవాడు కాడు. భార్యయు, నలుగురు బిడ్డలును గల సంసారి. తన చర్చిలో పిల్లలకు ఆదివారపు పాఠములు చెప్పి, ఆ సంఘమునకు పెద్దగా నుండినవాడు. ముప్పది యేండ్లు దాటువరకు మద్యము నంటినవాడు కాడు. మఱి యెట్లంటినది? చెప్పినచో నవ్వువత్తురు: సిగ్గుచేత! వేలమంది యెదుట ఎగిరి దుమికి యాడు నతనికి నలుగురు కూర్చున్న విందులో నోరు పెగలెడిది కాదు. ఒక గ్లాసు పుచ్చుకొన్నచో బిడియము పోయెడిది, మాటలు వచ్చెడివి. కావున ఒకటి పుచ్చుకొనెను. కొన్ని సంవత్సరములకు ఒకటి చాలకపోయెను. ఇదియే మద్యముయొక్క లక్షణము. శరీరము దానికి అలవడినకొలది, నిన్న గ్లాసుతో వచ్చిన సుఖము నేడు రెంటితోగాని రాదు. కొంతకాలమునకు సుఖమే పోయి, త్రాగనిచో చేతులు వణకుట, నిద్రపట్టకుండుట మొదలగు బాధ తప్పించుకొనుటకై త్రాగవలసివచ్చును.

అతడు పగలు త్రాగలేదు. పనిచేయుచోట త్రాగలేదు. త్రాగి పని మానలేదు. సాయంకాలము ఇంటిలో మాత్రమే త్రాగెడివాడు. ఉదయమున తలపగిలిపోవుచుండగా పోయి నాట్యమాడెడివాడు. త్రాగుబోతనగా వీథికాలువలో పడియుండువాడని తలచుటచేత, తానును త్రాగుబోతేయని అతనికి చాలకాలము తోచలేదు. లోకమునకు నంతకన్నను తోచలేదు. మహాశయులారా, ఈ సంగతిని మీరు చిత్తగింపవలెను. ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, వేళకు పనికి పోయి, ఎవరితోను తగవులాడక, రాత్రి తలుపు వేసికొని త్రాగువాడు మన యూరిలో నున్నాడేమో! వానికొఱకు పంచాయతీ పెట్టువారుండరు. వాని భార్యకు మాత్రము తెలియును.

1969లో కార్ల్ రైనర్ 'ది కామిక్' అను చిత్రమును తీసి, త్రాగుడుచే చెడిపోయిన హాస్యనటుని వేషమును వాన్ డైక్‌నకే యిచ్చెను. తెరమీద నటించుచున్నది తన కథయే యని చూచువారికి తెలియదు. 1972లో అతడు తానుగా ఆసుపత్రిలో చేరి మూడు వారములు చికిత్స పొందెను. 1974లో ఈ సంగతినంతయు దేశప్రజల యెదుట తన నోటితోనే ప్రకటించెను. అట్టి ప్రసిద్ధులు నోరువిప్పుట ఆ రోజులలో మిక్కిలి యరుదు. నవ్వుల గృహస్థుగా ప్రతియింటివారు ప్రేమించు మనుష్యుడు "నేను త్రాగుడు రోగిని" యని చెప్పుకొనుటకు ఎంత ధైర్యము కావలెనో యోచింపుడు. ఆ యేటనే 'ది మార్నింగ్ ఆఫ్టర్' అను టెలివిజను చిత్రమున మద్యముచే సర్వమును కోల్పోవు నుద్యోగి వేషము వేసెను. ఆ చిత్రమునకు మంగళాంతము లేదు, ఉన్నదున్నట్లు చూపిరి.

ఇక్కడితో కథ సుఖాంతమయ్యెనని చెప్పుటకు నాకును ఇష్టమే. కాని యట్లు జరుగలేదు. అంత బహిరంగముగా చెప్పుకొనిన పిమ్మటను వాన్ డైక్ మరల త్రాగెను. మరల మానెను. మరల జారెను. ఈ పోరాటము మొత్తము ఇరువదియైదేండ్లు సాగినదని యతడే చెప్పుకొనెను. బ్రతుకనక్కఱలేదన్న తలంపులు కూడ వచ్చినవట.

మన పెద్దలు పానమును సప్తవ్యసనములలో చేర్చిరి. భారతములోని నలోపాఖ్యానమును మీరెల్లరు నెఱుగుదురు. కలిపురుషుడు నలుని పట్టుకొనుటకై పండ్రెండేండ్లు కాచుకొని యుండెను. ఒకనాడు సంధ్యవేళ నలుడు కాళ్లు కడుగుకొనుట మఱచెను. ఆ చిన్న సందుననే కలి ప్రవేశించెను. అంతట జూదము, రాజ్యనాశము, అడవులపాలు. కర్కోటకుని విషము లోపల దహించుచుండినను కలి వెంటనే వదలలేదు. చాలకాలమునకు గాని వెడలిపోలేదు. వ్యసనము చిన్న సందున వచ్చును, మెల్లగా పోవును అని మనవా రెఱిగియే చెప్పిరి. వైద్యులును ఇదియే చెప్పుచున్నారు. అమెరికా వైద్యసంఘమువారు 1956లోనే మద్యవ్యసనమును రోగముగా నంగీకరించిరి. రోగము తిరుగబెట్టవచ్చును. తిరుగబెట్టినదని రోగిని వదలివేయుదుమా? మలేరియా మరల వచ్చినచో మరల మందిత్తుము గదా!

ఇప్పుడు నా తప్పును చెప్పెదను.

మా యూర ప్రతి శివరాత్రికి హరిశ్చంద్ర నాటక మాడెడివారము. నాకు బావ వరుసయగు నొకడు కాటికాపరి వీరబాహుని వేషము వేసెడివాడు. కల్లుకుండ చేతబట్టి తూలుచు అతడు రంగముమీదికి వచ్చినచో నవ్వనివారు లేరు. మొదట కుండలో మజ్జిగ యుండెడిది. ఏ సంవత్సరము మజ్జిగ కల్లయ్యెనో నాకు జ్ఞాపకము లేదు. అది నిజమైన కల్లని తెలిసి జనము మఱింత నవ్విరి. నవ్వినవారే వారము వారము పిలిచి త్రాగించిరి. పొలము పోయెను, ఒడలు పోయెను. 1981లో అతని భార్య, నాకు పినతండ్రి కూతురు, నగ లమ్మి ఆసుపత్రిలో చేర్చి మాన్పించెను. అతడు తిరిగివచ్చిన నలువదవ దినమున శివరాత్రి వచ్చెను. వేషము వేయనని యతడనెను. మేము నలుగురము పోయి బ్రతిమాలితిమి. తెర వెనుక నేనే లోటా అందించి, "బావా, ఈ యొక్క రాత్రికే. వట్టి నోటితో వీరబాహు డెట్లు రక్తికట్టును?" అంటిని. అతడు లోటావైపు గాక నావైపు చూచి, "నీవే యిచ్చుచున్నావా?" అని మాత్రమడిగి పుచ్చుకొనెను. ఆ రాత్రి అతడాడినంత బాగుగా మరెన్నడు నాడలేదు. మూడేండ్లకు కాలేయము చెడి మరణించెను. పరామర్శకు పోయినప్పుడు నా చెల్లెలు నన్ను తిట్టలేదు. "అన్నయ్యా, నలువది దినము లాయన నా యింటి మనిషిగా నుండెను" అని మాత్రమే యనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. అతనిని చంపినది కల్లే యని చెప్పి తప్పుకొనుట సులభము. కాని కల్లు తనంతట తాను నడచి తెర వెనుకకు రాదు గదా!

అందుచేతనే వాన్ డైక్ కథ నాకు ముఖ్యమైనది. అతడు పడినప్పుడు అతని వృత్తి అతనిని వెలివేయలేదు. మానదలచినప్పుడు త్రాగుమని నిర్బంధింపలేదు. పని నిచ్చుచుండెను. 1976లో ఆరంభమైన యతని వినోద కార్యక్రమము కొలది నెలలకే ఆగిపోయినను బహుమానము గెలిచెను. ఆ పిమ్మట చాలకాలము పేరున్నదే గాని పెద్ద విజయము లేదు. మెల్లమెల్లగా మద్యముపై రుచియే పోయెననియు, పుచ్చుకొన్నచో తలతిరిగి వికారము కలుగసాగెననియు, దానిని దైవానుగ్రహముగా భావించితిననియు ఆయన చెప్పెను. 1993లో, అరువదియేడేండ్ల వయస్సున, 'డయాగ్నోసిస్ మర్డర్' అను టెలివిజను కథలలో నేరములను శోధించు వైద్యుని వేషము దొరకెను. కుమారుడు బారీయు తోడుగా నటించెను. ఎనిమిదేండ్లు, 2001 వరకు, ఆ కథలు సాగెను. మనదేశమున ఉద్యోగులు పింఛను పుచ్చుకొని కూర్చుండు వయస్సులో అతని రెండవ యౌవనము మొదలయ్యెను. యుద్ధమునకు పోవుటచే నాగిపోయిన పాఠశాల పట్టాను 2004లో పుచ్చుకొనెను. పొగత్రాగు నలవాటు మాత్రము మద్యముకన్నను మొండిదని చెప్పి, దాని బదులుగా వైద్యులిచ్చు నమలు బిళ్లలను పదేండ్లు వాడినట్లు 2013లో ఒప్పుకొనెను. చుట్ట, బీడీ కాల్చు పెద్ద లీమాట గమనింతురు గాక.

2018లో 'మేరీ పాపిన్స్' కథకు రెండవభాగము వచ్చెను. మొదటి చిత్రములో పడుచువాడు తెల్లగడ్డ మంటించుకొని ముసలి బ్యాంకరు వేషము వేసెనని చెప్పితిని గదా. ఇప్పుడు తొంబదియొకటవ యేట, ఆ బ్యాంకరు కుమారుని వేషమున, గడ్డ మంటించుకొను నక్కఱ లేకుండ వచ్చి, బల్లమీది కెక్కి నాట్యమాడెను. 2024లో తొంబది యెనిమిదేండ్ల వయస్సున మరల ఎమ్మీ బహుమానము పొందెను. 2025 డిసెంబరు 13వ తేదీన నూఱేండ్లు పూర్తిచేసికొనెను.

పెద్దలారా, ఈ కథనుండి మీకు మూడు విన్నపములు చేసి ముగించెదను.

మొదటిది: త్రాగుడు మానదలచినవానిని వైద్యుని కడకు పంపుడు. చాలకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో ఫిట్స్ వచ్చి, మతి చలించి, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. గదిలో పెట్టి తాళము వేయుటయు, చెట్టునకు కట్టుటయు చికిత్సలు కావు. వైద్యుని పర్యవేక్షణలో మాన్పింపవలెను. తోటివారి సహాయమును పనికివచ్చును. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున ఇద్దరు త్రాగుడురోగులు, ఒకరినొకరు నిలుపుకొనుటకై, ప్రారంభించిన సహవాససంఘము నేడు మన దేశమునను సమావేశములు జరుపుచున్నది.

రెండవది: మానినవాడు ఊరిలోనికి తిరిగివచ్చినప్పుడు అతని పాతకథలు త్రవ్వకుడు, పరిహసింపకుడు. చేయదగిన పని నిప్పింపుడు. మరల జారినచో, మరల పంపుడు. ఎన్నిమారు లని లెక్కపెట్టకుడు.

మూడవది, నాకు మిక్కిలి ముఖ్యమైనది: పెండ్లిలోగాని, జాతరలోగాని, చావుదినమునగాని, వలదన్నవాని చేతికి గ్లాసు నందింపకుడు. అందించువానిని పెద్దలు వారింపవలెను. మర్యాదయని తలచి నేనాడు చేసిన పని యెట్టిదో మీరు వింటిరి.

ఈ సంవత్సరమును మా యూర శివరాత్రికి హరిశ్చంద్ర నాటకమే ఆడుదురు. ఇప్పుడు వీరబాహుని కుండలో మజ్జిగ పోయు పని నాది. ప్రదర్శనకు ముందు నేను రుచిచూచి గాని కుండను రంగముమీదికి పోనీయను.